సాంచ మీది సీసా

మా ల్యాబ్‌లో వేడిపెట్టె పాడైనందువల్లే మా బాపు శాస్త్రవేత్త అయ్యాడు. అంతకు ముందు ఇరవై ఏళ్లుగా ఆయన సూరత్‌లో సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపాడు. ఇప్పటికీ అవే నడుపుతున్నాడు. శాస్త్రం కోసం ఆయనకు ఎవరూ సెలవు ఇవ్వలేదు.

ల్యాబ్ అన్నానని పెద్దగా ఊహించుకోవద్దు. సూరత్ శివారు ఇచ్ఛాపూర్‌లో ఒక షెడ్డు, అందులో రెండు గదులు. ముఖానికి రాసుకునేవన్నీ మేం తయారుచేస్తాం, వేరేవాళ్లు తమ పేర్లు అంటించుకుని అమ్ముతారు. ఉన్ అనే పేటలోని మా ఇంటి నుంచి అక్కడికి చేరాలంటే రెండు బస్సులు, ఒక షేర్ ఆటో, కొంత వైరాగ్యం కావాలి. ఆరు నెలలు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు శేఠ్. ఐదో నెలలో మొదటిసారి నాకు సొంతంగా ఒక పని అప్పజెప్పాడు.

అడాజన్‌లో ఒకావిడ కొత్తగా సీరమ్ అమ్మబోతోంది. అది చూడ్డానికి నీళ్లలా ఉండాలి, రాసుకుంటే నూనెలా మెత్తగా ఉండాలి, జిడ్డు మాత్రం ఉండకూడదు. పైగా మల్లెపూల వాసన గట్టిగా రావాలి. ఇలాంటి కోరికలు పెళ్లి సంబంధాల దగ్గర వింటే నవ్వుకుంటాం. కంపెనీలో వింటే ఆర్డరు రాసుకుంటాం.

నూనె నీళ్లతో కలవదని వంటింట్లో ఎవరినడిగినా చెబుతారు. కలవాలంటే మధ్యవర్తి ఉండాలి, ఒక చేత్తో నూనెను, ఇంకో చేత్తో నీళ్లను పట్టుకునే పదార్థం. దాన్ని ఎమల్సిఫయర్ అంటాం. మామూలుగా కలిపితే పాలలా తెల్లగా వస్తుంది. నూనె చుక్కల్ని వెలుతురు కూడా లెక్కచేయనంత చిన్నవి చేస్తే, తెలుపు పోయి గాజులా మిగులుతుంది. అసలు కష్టం దాన్ని అలాగే నిలబెట్టడం. వదిలేస్తే చిన్న చుక్కలు తరిగిపోతాయి, పెద్దవి ఇంకా లావెక్కుతాయి. లోకం తీరే అంత. మధ్యవర్తిని ఎక్కువ పోస్తే చుక్కలు బుద్ధిగా ఉంటాయి గానీ ముఖం బంకబంకగా అవుతుంది. తక్కువ పోస్తే ముఖం హాయిగా ఉంటుంది, సీసా మసకబారుతుంది. నేను తక్కువ పోసి కూడా గాజులా తెచ్చాను. ఆ వారమంతా అద్దంలో నన్ను నేను కొంచెం గౌరవంగా చూసుకున్నాను.

ఇక ముప్పై రోజులు వేడిలో పెట్టి చూడాలి. తేటగా నిలిస్తే సరుకు తయారీ, దానితో పాటు నా ఉద్యోగం ఖాయం. సరిగ్గా అప్పుడే వేడిపెట్టె చచ్చింది. బాగుచేసేవాడు రోజూ ఫోన్‌లో రేపు వస్తాననేవాడు. అది మే నెల. నాకు బాపు సాంచల షెడ్డు గుర్తొచ్చింది. థర్మామీటర్ తీసుకెళ్లి వేలాడదీస్తే, మా పెట్టె ఇవ్వవలసిన వేడికి అటూ ఇటూగా చూపించింది. పైగా సాంచ కుదుపు వల్ల లారీ ప్రయాణపు పరీక్ష కూడా ఉచితంగా జరిగిపోతుంది. శేఠ్‌ను అడిగితే "చాల్శే" అన్నాడు. నడుస్తుందిలే అని. ఆయన దగ్గర లోకంలోని అన్ని సమస్యలకూ ఉన్న మందు ఆ ఒక్క మాటే.

బాపు సీసాను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏంది బిడ్డా ఇది?"

"నీళ్లల్ల నూనె, బాపూ."

"నూనె యాడుంది?"

"కలిసిపోయింది."

"మా దారాలకు కొట్టే నూనె నీళ్లల్ల పోస్తే పాల లెక్క అయితది. గిది నీళ్ల లెక్కనే ఉంది. పోసుడు మర్చిపోయినవా ఏంది?"

"పోసిన బాపూ. కనబడకుంట పోసుడే నా కొలువు."

"కనబడని పనికి కొలువిచ్చిండా మీ శేఠ్? మంచోడే."

అయినా సీసాకు తీగతో చిన్న గూడు అల్లి సాంచ చట్రానికి వేలాడదీశాడు. దాని జంట సీసా మా ఇంట్లో ఫ్రిజ్‌లో, అల్లం వెల్లుల్లి ముద్ద పక్కన చేరింది. పోల్చి చూడ్డానికి చల్లగా ఒకటి ఉండాలి కదా. దాని మీద పేరు, తేదీ ఉన్న చీటీ చూసి అమ్మ, "నీళ్లకు గూడ పేరు వెడుతున్నవా?" అంది. ఇంట్లో నా శాస్త్రానికి దక్కిన ఏకైక సమీక్ష అదే.

రోజూ ఒకసారి చూడమని మాత్రమే బాపుకు చెప్పాను. ఆయన షిఫ్టు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి చూసేవాడట. సాంచ మీద సాగే తెల్లటి పడుగు ముందు సీసా పట్టుకుని, ఒక కన్ను మూసి. పక్క సాంచల ఆయన, "ఏందన్నా, హారతి గిట్ల ఇస్తున్నవా?" అని అడిగాడట. "బిడ్డ పరీక్ష రాస్తంది, కాపల ఉన్న" అన్నాడట బాపు.

పంతొమ్మిదో రోజు, ఆదివారం పొద్దున, షిఫ్టు దిగి సీసా పట్టుకుని వచ్చి, చెప్పులు విడవకముందే అన్నాడు.

"నీ నీళ్లు మారినయి."

"మారలే బాపూ. మొన్ననే షెడ్డుకొచ్చి చూసిన గదా."

"పడుగు ముంగట వెడితే తెల్ల పోగు జర పసుపు కొడ్తంది. సాంచ ఇనుము ముంగట వెడితే నీలం కొడ్తంది. ఒక్క సీస రెండు రంగులెట్ల చెప్తది?"

నేను టీ గ్లాసు కింద పెట్టాను. చుక్కలు లావెక్కడం మొదలైతే జరిగేది అదే. నీలపు వెలుతురును పక్కలకు చిమ్ముతాయి, పసుపును ముందుకు పోనిస్తాయి. ఆకాశం నీలంగా, సాయంకాలపు సూర్యుడు పచ్చగా కనిపించేది కూడా ఇలాంటి లెక్కతోనే. నేను మూడేళ్లు చదివి నేర్చుకున్న విషయం ఆయన చెప్పులతో నిలబడి చెప్పేశాడు.

కాసేపు వాదించాను, మర్యాద కోసం. వేడికి మసకగా ఉంటుంది, చల్లారితే పోతుందన్నాను. సీసాను ఫ్రిజ్‌లో పెట్టాం. బాపు నిద్రపోకుండా కూర్చున్నాడు. మధ్యాహ్నం రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూశాను. నాకేమీ కనబడలేదు. బాపు అట్టముక్క మీద తెల్ల దారం దగ్గరదగ్గరగా చుట్టి వాటి వెనక నిలబెట్టాడు.

"ఇప్పుడు చూడు. రెండు లాట్ల దారం కలిస్తే తానుల చార వడ్డట్టు లేదా?"

ఉంది. ఒక తెలుపు, దాని పక్కన తెలుపు కాని తెలుపు. అలాంటి చార పడితే బట్ట తాను వెనక్కి వస్తుంది, మాట పడేది నేసినవాడే. అందుకే ఆయన కంటికి తెలుపులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి.

మరునాడు ల్యాబ్‌కు రెండు సీసాలతో పాటు ఆ అట్టముక్క కూడా తీసుకెళ్లాను. మసక కొలిచే మా యంత్రం అంకె కొద్దిగా జరిగింది, హద్దు మాత్రం దాటలేదు. శేఠ్ అంకె చూసి సంతోషించాడు. అడాజన్ ఆవిడ తొందరపెడుతోంది, సరుకు ఈరోజే మొదలుపెడదామన్నాడు. నా ఉద్యోగం కాగితం ఆయన బల్ల మీదే ఉంది, పేపర్‌వెయిట్ కింద. యంత్రం బాగుందంటోంది, శేఠ్ బాగుందంటున్నాడు, కాగితం కూడా బాగానే కనబడుతోంది. బాగోలేదంటున్నది ఇద్దరమే. అందులో ఒకరు ఆ సమయానికి ఉన్‌లో గురక పెడుతున్నారు.

నోరు మూసుకోవడానికి ఇంతకన్నా మంచి అవకాశం నాకు ఎన్నడూ రాలేదు. అలవాటు లేని పని కావడంతో చేతకాలేదు. "శేఠ్, ఒక్కసారి ఇది చూడండి" అని సీసాలు బల్ల మీద పెట్టి, వెనక అట్ట నిలబెట్టాను.

ఆయన కళ్లజోడు పైకెత్తి వంగి చూశాడు. ఈ కంపెనీ పెట్టక ముందు ఆయనది చీరల దుకాణం.

"ఇవి రెండు లాట్ల దారమా, బెన్?" అన్నాడు. బెన్ అంటే చెల్లెమ్మా అని.

"కాదు శేఠ్. దారం ఒకటే. సీసాలే రెండు."

ఆయన అట్టను తలకిందులు చేసి మళ్లీ చూశాడు. నేను పేపర్‌వెయిట్ వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించి, దాన్నే చూశాను.

"నహీ చాలే," అన్నాడు చివరికి. నడవదు అని. ఆ మాట ఆయన నోట వినడం నాకు అదే మొదటిసారి. వెంటనే అడాజన్ ఆవిడకు ఫోన్ చేసి, వేడిపెట్టె మీద నేరం మోపి, గడువు అడిగాడు. తర్వాత నా కాగితాన్ని సొరుగులో పెట్టాడు. చింపలేదు. సొరుగు అంటే వాయిదా, అంతే. నాకు నేను అలా చెప్పుకున్నాను.

తప్పు మల్లెవాసనది, నా పొగరుది చెరి సగం. వాసన కూడా నూనే కదా, దానికీ మధ్యవర్తి కావాలి. నేను తక్కువ పోశానని మురిసిపోతుంటే ఆ ఉన్నదాన్ని అది పంచుకుంది. మళ్లీ కలిపాను. వాసన సగం చేశాను, మధ్యవర్తిని కొంచెం పెంచాను, వెలుతురు వంగే తీరు నూనెలోనూ నీళ్లలోనూ ఒక్కలా ఉండేలా గ్లిజరిన్ సర్దాను. ముఖం కొంచెం బంకగా ఉంది. ప్రపంచం దాన్ని తట్టుకోగలదనిపించింది.

ఈలోగా వేడిపెట్టె బాగైంది. ఒక సీసా అందులో పెట్టాను, ఒకటి బాపుకిచ్చాను. ఎందుకని శేఠ్ అడగలేదు. ముప్పయ్యో రోజు వేడిపెట్టె సీసా బాగుందని యంత్రం చెప్పింది. శేఠ్ సొరుగు తెరవలేదు.

"మీ బాపు ఏమన్నాడు?" అన్నాడు.

అక్కడే నిలబడి ఫోన్ చేశాను. అవతల సాంచల చప్పుడు.

"బాపూ, ఎట్లుంది?"

"ఏముందని చూడాలె బిడ్డా? ఒక్కొక్క పోగు లెక్కవెట్టేటట్టుంది!" అని అరిచాడు.

శేఠ్‌కు తెలుగు రాదు. అయినా సొరుగు తెరిచి కలం తీశాడు.

మొదటి సరుకులోంచి ఒక సీసా బాపుకు తెచ్చిచ్చాను. నెల దాటినా మూత తీయలేదు. షెడ్డులో ఆ తీగ గూట్లోనే పెట్టుకున్నాడు.

"రాసుకోవచ్చు బాపూ, అది ఇగ పరీక్షది కాదు."

"రాసుకుంటే అయిపోతది గదనే," అన్నాడు. "మల్ల రోజూ ఏం చూడాలె?"