కాక మా ఇంటి కప్పు తట్టిన రోజు

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. ఇవాళ వానకు తడిసిన సున్నం వాసన తగలగానే గోదావరిఖనిలో మా కిరాయి ఇల్లు గుర్తొచ్చింది.

పక్కింటి ఖాసిం కాకకు బొగ్గుబాయిలో పైకప్పు తట్టి చూసే పని. కర్రతో తడితే వచ్చే చప్పుడును బట్టి, కప్పు నిలిచేదో కూలేదో చెప్పేవాడు. తీరిక దొరికితే నాకు అరబ్బీ, ఫారసీ మాటలు చెప్పేవాడు.

"ఖబర్ అంటే సంగతి. అఖ్‌బార్ అంటే సంగతులు. ఖబర్ ఉన్నోడు ఖబర్దార్, అంటే పైలంగ, జాగ్రత్తగ ఉండేటోడు. అన్నిటికి వేరు ఒక్కటే బిడ్డా."

"సంగతికీ, పైలానికీ ఏం సంబంధం కాకా?" అంటే నవ్వేవాడు.

ఒక ముసురు రోజు మా ఇంటికొచ్చి, కూర్చోకుండా కర్రతో కప్పు తట్టాడు.

"ఇది గూడ బాయే అనుకున్నవా అన్నా?" అంది అమ్మ.

"ఖబర్దార్!" అని అరిచి, ఊయలలోని తమ్ముణ్ణి లాక్కుని బయటికి ఉరికాడు. ఎత్తుకుపోతున్నాడనుకుని వెంటపడి ఆయన చెయ్యి కొరికాను. మా వెనకే అమ్మ వచ్చింది. అంతలో లోపల కప్పు పెచ్చులు ఊడి ఊయల మీద పడ్డాయి.

అమ్మ తమ్ముణ్ణి తన చేతుల్లోకి తీసుకుంది. కాక చేతిమీద నెత్తురు.

"మంచిగ కొరికినవ్ బిడ్డా. తమ్ముడంటే గంత పాణమా!" అన్నాడు.

సంగతి ముందే తెలిసినవాడే పైలమని అరవగలడని ఆ రోజు అర్థమైంది. ఇది విన్న మీ ఇంట్లో పసిపిల్లల నిద్ర చల్లగా సాగాలి.