రెండు ఊళ్ల పన్ను

ఎవరికో ఒకరికి పన్ను కట్టందే జిలానీ బాషాకు అన్నం సయించదు. జీతం మీద పన్నే లేని దేశంలో అదెంత పెద్ద జబ్బో, అల్ ఐన్ వెళ్లే పికప్ వెనక ఇసుక తింటూ కూర్చున్న ఆశన్నకు ఆ రోజే తెలిసింది. టైరు పేలిన లారీ పక్కన చెయ్యెత్తి నిలబడ్డ బాషాను డ్రైవరు దారిలో ఎక్కించుకున్నాడు. మాటల్లో తేలిందేమంటే ఇద్దరి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఒక్కడే. ఇద్దరినీ ఉమ్ అల్ క్వైన్ నుంచి అల్ ఐన్‌లోని ఖర్జూరం తోటకు ఏడాది మధ్యలో మార్చారు.

అల్ ఐన్ ఉన్న అబుదాబి ఎమిరేట్ హద్దు బోర్డు కనపడగానే బాషా రేకు దబదబ బాదాడు.

"ఆపన్నా! టైమెంత?"

"నమాజా భాయ్?" అన్నాడు ఆశన్న.

"పన్ను! ఇందాకటి దాకా ఆ ఊరిది, ఇక్కణ్ణించి ఈ ఊరిది. రెండు చోట్లా కట్టాల్సిందే. నెల్లూర్లో బిల్ కలెక్టరు సంచి మోసినోణ్ణి, నాకు తెలవదా?"

"గీడ పన్నే లేదంటరు గద!"

"లేదులే అని ఊరించి ఒక్కసారే పట్టుకుంటారన్నా."

పన్ను ఎగ్గొట్టేవాళ్లు లేని ఊరు భూమ్మీద లేదు. కట్టనివ్వలేదని అలిగేవాడు మాత్రం ఎంత తిరిగినా ఒక్కడు దొరికితే గొప్ప. అల్ ఐన్ మునిసిపాలిటీ వాళ్లు బాషాకు చాయ్ ఇచ్చి నవ్వి పంపేశారు. ఊరికే తాగితే అరగదని వాళ్ల మెట్లు ఊడ్చి వచ్చాడు.

ఆశన్న బాధ వేరు. ఊళ్లో భార్య గౌరవ్వ కన్న కొడుక్కి నడకొచ్చింది, వీడింకా వాడి మొకం చూడలేదు. రెండేళ్లు నిండితే సెలవూ టికెట్టూ ఇవ్వాలి. నిండాయి కూడా. కానీ పాత చోట మేనేజరు, అదే ముదీర్, "నువ్వు మా మనిషివి కావు" అన్నాడు. తోట ముదీర్ రహమతుల్లా "నా దగ్గర ఆర్నెల్లేగా, వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు.

ఒకరోజు తోట ఆఫీసులో రహమతుల్లా ఆశన్నతో ఆ మాటే మళ్లీ అంటుండగా బాషా లోపలికి దూరాడు. వెనకాలే తమాషా చూడ్డానికి తోటంతా గుమ్మంలో చేరింది.

"సాబ్, నా పన్ను సంగతి?"

"అరే మియా, రోజూ ఇదేనా! టాక్సు లేదు, ఖలాస్!"

"ఉంటే ఎట్లా కట్టాల, అది చెప్పండి. కొన్నాళ్లు అక్కడ, కొన్నాళ్లు ఇక్కడ చేసినా."

"అక్కడివి వాళ్ల ఖాతాలో, ఇక్కడివి మా ఖాతాలో. రెండూ కలిపితే పూర్తి లెక్క. ఇక పో!"

"కలపొచ్చా సాబ్?"

"కలపాల్సిందే! చిన్నపిల్లోడు కూడా చెప్తడు!"

"అయితే ఆశన్నవీ కలపండి. అక్కడి ఏడాదిన్నర, ఇక్కడి ఆర్నెల్లు."

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. రహమతుల్లా ఫోన్ అందుకుని ఉమ్ అల్ క్వైన్ ముదీర్‌తో చాలాసేపు అరిచాడు. చివరికి టికెట్ చెరిసగం భరించేట్టు ఒప్పించి, సెలవు కాగితం మీద సంతకం గీకాడు.

"ఆర్నెల్లు నా ప్రాణం తీసింది ఇందుకేనా మియా?"

"సగం ఇందుకే సాబ్," అన్నాడు బాషా. "మిగతా సగం పన్నుకే."

ఆశన్న కళ్లు తుడుచుకుని "భాయ్..." అంటూ తిరిగేసరికి బాషా గుమ్మం దాటేశాడు. వెనక్కి చూడకుండా, తలగుడ్డ సర్దుకుంటూ, ఖర్జూరం చెట్ల మధ్య నుంచి రోడ్డు వైపు నడిచిపోతున్నాడు.