కంచం మీరే తెచ్చుకోండి

పరాయి దేశంలో మేముండే క్వేకర్స్ హిల్ పేటలో మా చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు నలభై దాకా ఉంటాయి. ఏటా కార్తీకంలో వాగు పక్కనున్న పార్కులో అందరం వనభోజనాలు పెట్టుకుంటాం. వంటకు తలా ఒక చెయ్యి వేస్తారు గానీ వడ్డన మాత్రం నాది. మాది గోదావరి జిల్లా. ఎవరికి ఏం కావాలో వాళ్ళు అడగకముందే కనిపెట్టడం మా ఇంట్లో చిన్నప్పుడే నేర్పిన విద్య. ఆ విషయంలో నాకు కాస్త గర్వం ఎక్కువని మా ఆవిడ అంటుంది. కాస్త కాదు, బాగా ఎక్కువ.

ఇక్కడ దుకాణాల్లో థర్మాకోల్ ప్లేట్లు ఇక అమ్మరని తెలియగానే నేను చేసిన ఘనకార్యం, రెండు పెద్ద అట్టపెట్టెల నిండా కొని గరాజ్‌లో దాచడం. ఎందుకు దాచుకోనూ? సాంబారు ఎంత వేడిగా పోసినా చెయ్యి కాలదు. వంగదు, కారదు. మూడు గదులుంటాయి కాబట్టి పెరుగు వెళ్ళి పులిహోరలో కలవదు. కాగితం ప్లేటయితే మొదటి గరిటకే చేతులెత్తేస్తుంది. "ఏం ముందుచూపండీ మీది!" అని నలుగురూ మెచ్చుకుంటుంటే, మీసం లేదు గానీ ఉంటే మెలేసేవాణ్ణి.

ఆ ఏడు భోజనాలయ్యాక ఒక్కసారిగా గాలి లేచింది. చెత్తసంచి తిరగబడి ప్లేట్లు పార్కంతా ఎగిరాయి. పరుగెత్తి కాలితో తొక్కిపెట్టబోతే పుటుక్కున విరిగాయి. విరిగినవి ఏరబోతే ఇంకా చిన్న పలుకులై గడ్డిలో ఇరుక్కున్నాయి, వాగులో తేలాయి. హైస్కూల్లో చదివే మా అమ్మాయి టీ వడపోసే జల్లెడ పట్టుకుని నీళ్ళ అంచున మోకాళ్ళ మీద కూర్చుంది.

"నాన్నా, ఇట్స్ నాట్ గోయింగ్ అవే. ఇట్ జస్ట్ గెట్స్ స్మాలర్" అంది.

అంతలో ఒక బాతు వచ్చి, మెతుకనుకుందేమో, ఒక పలుకు మింగేసింది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజు వడ్డన నాదే కదా.

మరుసటి ఏడు ఇంకో రకం ప్లేట్లు కొందామని చాలా ఆలోచించాను. ఏవి కొన్నా ఒక్క పూట తిని పారేసేవే. చివరికి మా వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టాను: "ఈసారి ఎవరి కంచం వాళ్ళే తెచ్చుకోగలరు." పొద్దున్నే పూల బొమ్మలతో గుడ్ మార్నింగులు కుమ్మరించే గ్రూపు మూగబోయింది. సాయంత్రం మాలో అందరికన్నా పెద్దాయన, కరీంనగర్ అంకుల్, ఫోన్ చేశారు.

"ఏందయ్యా, బువ్వకు పిలిచి కంచం తెచ్చుకోమంటవా? మీ గోదారోళ్ళ మర్యాద గిట్లనే ఉంటదా?"

ఒక్క మాటతో మా జిల్లా పరువంతా తీసేశారు. మా ఆవిడ భయం మా ఆవిడది. "ఎవరూ రారేమోనండీ. ఎందుకైనా మంచిది, మిగిలిన ఆ పెట్టె కార్లో పెట్టండి." డిక్కీ దాకా మోసి, మళ్ళీ వెనక్కి తీసుకెళ్ళాను. కార్లో ఉంటే బయటికి తీస్తానని నాకు తెలుసు. ఆ పెట్టె ఇంకా గరాజ్‌లోనే ఉంది. రీసైక్లింగ్‌కి పోయే పసుపు మూత డబ్బాలో వేయకూడదు, చెత్తగుట్టకి పోయే ఎర్ర మూత డబ్బాలో వేయడానికి మనసు రాదు.

వనభోజనాల రోజు ఆలస్యంగానైనా కార్లు వచ్చాయి. గుడ్డసంచుల్లోంచి స్టీలు కంచాలు బయటికొచ్చాయి. పెళ్ళిలో పేరు చెక్కించి ఇచ్చినవి, హాస్టల్ రోజుల నాటి సొట్టలు పడ్డవి, చంటిపిల్లల బొమ్మల పళ్ళేలు. గరిట తగిలి అవి ఖంగుమంటుంటే నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

వరుస చివర అంకుల్ నిలబడి ఉన్నారు, ఖాళీ చేతులతో.

"నేను తేలే. ఇప్పుడేం జేస్తవ్?"

అందరూ నావైపే చూశారు. నా కోసం తెచ్చుకున్న కంచం తీసి, తుడిచి, ఆయన చేతికిచ్చాను. "ఇది నాదే అంకుల్. నేనెలాగూ ఆఖర్న తింటాను" అని వడ్డించాను. ఆయన కూర్చుని తిన్నారు. మారు వడ్డిస్తే వద్దనలేదు.

అందరి భోజనాలూ అయ్యాయి. చూస్తే అంకుల్ పార్కు కుళాయి దగ్గర వంగి కంచం కడుగుతున్నారు. డెబ్భై దాటిన మనిషి. నేను పరుగెత్తాను.

"అయ్యో, మీరెందుకంకుల్, ఇటివ్వండి."

"ఉండవయ్యా." ఆయన తన కండువాతో కంచం తుడిచి నా చేతిలో పెట్టి, రెండో చేతిలోని గరిట లాక్కున్నారు. "పొద్దుగాల సంది నిలబడ్డవ్. కూసో. నేను పెడ్త."

పెద్దాయన వడ్డిస్తానంటే వారించడం మర్యాద. అంతమంది ముందు నేను వారించలేదు. కూర్చుని, కంచం చాపాను.