బాపు నిద్రలో కొట్టిన గంట

మా గోదావరిఖనిలో ఆ రోజుల్లో నిద్రకు కూడా షిఫ్టులుండేవి. ఊరంతా ఒకేసారి పడుకుని ఒకేసారి లేవడమనే వైభోగం నేను హనుమకొండ హాస్టల్‌కు పోయాకే చూశాను. మా క్వార్టర్ల వరుసలో పట్టపగలు ఎవరో ఒకరు ముసుగుతన్ని పడుకునే ఉండేవారు. రాత్రి డ్యూటీ దిగిన మనిషి ఇంట్లో ఉంటే గేటుకు తువ్వాల కట్టేవాళ్లం. అది కనబడితే కూరగాయలమ్మే ఆమె అరవకుండా దాటిపోయేది, పాత సామాన్లవాడు సైకిల్ గంటను అరచేత్తో మూసుకునేవాడు, పిల్లలం పక్క వీధికి పోయి కొట్టుకునేవాళ్లం. (కొట్లాట మానలేదు, స్థలం మార్చామంతే.) అలా నా చిన్నతనమంతా గుసగుసల్లోనే గడిచింది. అందుకేనేమో, నోరు విప్పే అవకాశం దొరికితే వదిలేదాన్ని కాదు. ఈ కథలో నా తప్పేమీ లేదని ముందే చెబుతున్నాను. ఎవరైనా కాదంటే వాదనకు ఇప్పటికీ సిద్ధమే.

మా బాపు, అంటే నాన్న, బొగ్గుబాయిలో బొగ్గు మోసే ఇనుప టబ్బులను తాడుతో లాగే ఇంజను నడిపేవాడు. అవతలి కొస నుంచి గంట వినబడితే, తనకు అందిందని తిరిగి గంట కొట్టి, ఆ తర్వాతే తాడు కదిలించాలి. ఒకసారి తిరిగి కొట్టాక మాట మార్చడం ఉండదు. "తాడుకు అవుతలి కొసన మనుషులుంటరు బిడ్డా. గంట గంటే" అనేవాడు. ఆ పనిలో ఆయనను వేలెత్తి చూపినవాడు లేడు. ఇంట్లో ఉన్న చిక్కల్లా ఒకటే, బాపు నిద్రలో మాట్లాడతాడు. మామూలు కలవరింత కాదు, ప్రశ్నకు జవాబు చెప్పేంత మాట. ఒకసారి మందమర్రి నుంచి మా మేనత్త భర్త వచ్చి, బాపు లేచేదాకా ఆగుదామని చాయ్ తాగుతూ కూర్చున్నాడు. ముసుగులోంచి బాపు గొంతు స్పష్టంగా వచ్చింది. "గా పిసినారోనికి చాయెందుకే? ఆయనింట్ల మనకు మంచినీళ్లన్న పోసిండా ఎన్నడన్న?" మామ గ్లాసు కింద పెట్టి చెప్పులేసుకున్నాడు. లేచాక సంగతి తెలిసి బాపు తల పట్టుకున్నాడు. ఆ ఆదివారమే కోడిని సంకన పెట్టుకుని మందమర్రి పోయి, "నోరు జారిన బావా, మాఫ్ చెయ్యి" అని బతిమాలుకుని వచ్చాడు. ఈ కోడి సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నా ఇంటర్ అయిపోయింది. హనుమకొండలో డిగ్రీ చేస్తాను, అందులో సైకాలజీ తీసుకుంటానని ఇంట్లో చెప్పాను. మనిషి నిద్రపోయినప్పుడు లోపల మాట్లాడేదెవరో తెలుసుకోవాలని నాకు మహా ఆత్రంగా ఉండేది. (అలాంటి బాపు ఇంట్లో ఉంటే ఎవరికుండదు?) అప్పటికే మా పెద్దబాపు, అంటే బాపు వాళ్లన్న, నన్ను మంథని పంపి టీచర్ ట్రైనింగ్ చేయించాలని తీర్మానించేశాడు. అన్న మాటకు బాపు ఎదురు చెప్పిన పాపాన పోలేదు. "సైకాలజీ అంటే పిచ్చోళ్ల సదువంట గదనే! మనింట్ల ఎవలకేమయ్యింది? సప్పుడు చెయ్యక మంథని పో" అన్నాడు. ఏడ్చాను, అలిగాను, అన్నం మానేశాను. (పూర్తిగా కాదు, నాయనమ్మ అటుకులు పెట్టేది.) బాపు కరగలేదు. హనుమకొండ కాలేజీలో చేరడానికి గడువు ఇక ఒక్క రోజే మిగిలింది. అది దాటితే నా బతుకంతా నల్లబల్ల ముందేనని నాకు అర్థమైపోయింది.

ఆ మధ్యాహ్నం గేటుకు తువ్వాల ఉంది, ఫ్యాను గిరగిరా తిరుగుతోంది, నాయనమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. బాపు ముసుగులో ఏదో గొణుగుతున్నాడు. నేను చెంచా తీసుకుని నీళ్ల చెంబు మీద టంగుటంగుమని కొట్టాను. దుప్పటి కిందనుంచి బాపు చెయ్యి బయటికొచ్చి, మంచం ఇనుప పట్టీ మీద సరిగ్గా అట్లాగే తిరిగి కొట్టింది. నేను మంచానికి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"బాపూ, హన్మకొండకు పోదునా?"

"పో."

"హాస్టల్ల ఉందునా?"

"ఉండు."

"సైకాలజీ సదువుదునా?"

ముసుగు అటునుంచి ఇటు పొర్లింది. తర్వాత, మెలకువలో నేనెన్నడూ వినని మెత్తని గొంతు వచ్చింది. "సదువు బిడ్డా. పైలంగ పో."

నేను నాయనమ్మ వైపు చూశాను. నాయనమ్మ చేట ఆపి నా వైపు చూసింది. నేను లేచి పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను.

సాయంత్రం బాపు లేచి చాయ్ తాగుతూ పెట్టె చూశాడు. "ఏందిది?"

"నువ్వే పొమ్మంటివి గద."

"నేనా? ఎప్పుడు?"

జరిగిందంతా చెప్పాను. బాపు ముందు నవ్వాడు, తర్వాత నేను నవ్వడం లేదని గమనించి ఎర్రబడ్డాడు. "నిద్రల అన్నది నేనెట్లయితనే? నాకు యాదికే లేదు!"

"నువ్వు కాకుంటే ఎవలు మరి? నీ మంచంల, నీ దుప్పట్ల, నీ గొంతుతోని మాట్లాడినాయన ఎవలు? ఉన్నడంటే చూపియ్యి, ఆయన్నే అడుగుత." అమ్మ వెనకనుంచి నా జడ గుంజుతోంది. నేను ఆగితేనా! "మందమర్రి మామను తిట్టింది నువ్వు కాకుంటే కోడెందుకు మోస్కపోయినవ్? నిద్రలున్నోడు తిట్టిండు, నాకేం ఎరుక అనకపోయినవా?"

బాపు గొంతులో చాయ్ అడ్డం పడింది. కానీ ఆయనా తక్కువ తినలేదు. గ్లాసు పెట్టి, వేలు పైకెత్తి అన్నాడు. "చూడు, నిద్రలున్నోడు డ్యూటీల లేనట్టే. డ్యూటీల లేనోడు కొట్టిన గంట చెల్లదు!"

నిజం చెప్పాలంటే ఆ పాయింటు బాగుంది. ఇవాళ్టికీ దానికి నా దగ్గర సరైన జవాబు లేదు. ఆ క్షణాన నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "తాడుకు అవుతలి కొసన నేనున్న బాపూ!" అన్నాను. "నువ్వు తిరిగి కొట్టినవని నేను బయలెల్లిన. ఇప్పుడు నడుమల ఆపితే నేనేమయిపోవాలె?"

గుమ్మంలోంచి నాయనమ్మ చేట తట్టుకుంటూ, ఎవరి ముఖమూ చూడకుండా అంది. "నిద్రల తిట్టినప్పుడు నా కొడుకేనాయె. నిద్రల ఒప్పుకున్నప్పుడు పరాయోడెట్లయిండో మరి."

బాపు మిగిలిన చాయ్ ఒక్క గుక్కలో తాగాడు. తర్వాత లేచి తువ్వాల భుజాన వేసుకుని అన్న ఇంటికి బయలుదేరాడు. నేను వెంటపడి వెళ్లి కిటికీ పక్కన నిలబడ్డాను. (పొంచి వినలేదు. నిలబడ్డాను, వినబడింది.) "నిద్రల ఒప్పుకుంటివా? లేచినంక కాదనరాదురా?" అని పెద్దబాపు గుడ్లురిమాడు. బాపు తల వంచుకునే, మాట మాత్రం వంచకుండా అన్నాడు. "గంట తిరిగి కొట్టిన్నే అన్నా." పెద్దబాపు కూడా ఆ బాయిలోనే పనిచేసేవాడు. ఉరిమిన గుడ్లు దించుకుని, "సరే తీ" అన్నాడు. మర్నాడు బాపే నా పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కించాడు.

హనుమకొండలో మొదటి వారమే లేచి నిలబడి, నిద్రలో మాట్లాడే మనిషి, మెలకువలో ఉన్న మనిషి ఒక్కరేనా అని లెక్చరర్‌ను అడిగాను. ఆయన బోలెడు సిద్ధాంతాలు చెప్పి, చివరికి ఇంకా తేలలేదన్నాడు. మా నాయనమ్మ తేల్చేసిందని చెబుదామనుకుని ఊరుకున్నాను.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉన్నాను. నిద్రపట్టని వాళ్లు ఫోన్ చేస్తే మాట్లాడే కొలువు నాది. నాకూ రాత్రి షిఫ్టులే. పగలు పడుకునేటప్పుడు ఫ్లాటు తలుపుకు తువ్వాల కడతాను. వాచ్‌మన్ దాన్ని ఎండిందనుకుని మడతపెట్టి లోపలిస్తాడు. మొన్న లేచి హాల్లోకి వచ్చేసరికి, నా కూతురు లెక్కల ట్యూషన్ పుస్తకాలు కట్టకట్టి మూలన పెట్టి, నేను వద్దన్న డప్పు నేర్పే చోటికి బయలుదేరుతోంది.

"నువ్వే సరే అన్నావు కదమ్మా, ఇందాక."

"నేనా? నిద్రలో అన్నదీ ఒక మాటేనా?" అన్నాను గట్టిగా. అన్నాక గానీ, ఆ మాట ఎవరిదో నాకు గుర్తు రాలేదు.

బాపు నాలుగు రోజులు ఉండి పోదామని వచ్చి సోఫాలో చాయ్ తాగుతున్నాడు. చెంచా తీసి గ్లాసు మీద టంగుటంగుమని కొట్టి, నా వైపు చూశాడు. నేను నిండు మెలకువలో ఉన్నాను, ఒట్టు. అయినా నా వేలు, నన్ను అడగకుండానే, బల్ల మీద తిరిగి కొట్టింది.