గంగామణికి ఇచ్చిన సత్తు గ్లాసు

ఎవరైనా నన్ను మంచిదానివి అంటే ఏదో పని చెప్పి అక్కడి నుంచి లేచి వెళ్లిపోతాను. ఏళ్లుగా ఇంతే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు ఇంతవరకూ చెప్పలేదు. నా మంచితనం గురించి మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకునే పని ఒకటుంది. నేను చేసిన పనులన్నిట్లో నీచమైనది అదే.

మా అత్తగారిది ఎల్లారెడ్డి పక్కన పల్లె. పొలాలున్న ఇల్లు. ఆ ఇంట్లో ఒక సత్తు గ్లాసు ఉండేది. ఇప్పుడు సత్తు అంటే అందరూ అల్యూమినియం అనుకుంటారు. ఇది అది కాదు, తగరంలో సీసం కలిపి పోసిన పాతకాలపు సత్తు. నిజాం కాలంలో మా ఆయన తాతగారు హైదరాబాద్ నుంచి తెచ్చారట. బరువుగా, మబ్బు రంగులో ఉండేది. ఎవరో ఒకసారి పొయ్యి గట్టు మీద పెడితే ఆ వేడికే అంచు ఒకవైపు జారిపోయిందని అత్తమ్మ చెప్పేది. ఆమె దాన్ని చింతపండు, బూడిద పెట్టి తోమేది. అంత ప్రేమ ఆ గ్లాసంటే. కోడలిగా వచ్చిన కొత్తలో నాకు అందులో మజ్జిగ పోసి ఇచ్చినప్పుడు ఈ ఇంటిదాన్ని అయ్యానని మురిసిపోయాను.

నేను కడుపుతో ఉన్నప్పుడు మా అన్న చూడ్డానికి వచ్చాడు. కామారెడ్డిలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాడు. నా చేతిలో గ్లాసు చూసి, తీసుకుని, దాని అంచును తెల్ల కాగితం మీద గీశాడు. పెన్సిలు గీతలాంటి మరక పడింది. సీసం బాగా ఉన్నట్టుందన్నాడు. ఇప్పుడు సీసం లేకుండా చేసేవి ఫరవాలేదట, ఇలాంటి పాతవి మాత్రం చూసుకోవడానికే. పులుపు పోస్తే సీసం అందులోకి దిగుతుందని, చింతపండుతో తోముతూ ఉంటే ప్రతిసారీ పైపొర పోయి కొత్త లోహం బయటపడుతుందని చెప్పాడు. కడుపులో బిడ్డలకూ చిన్నపిల్లలకూ అది అన్నిటికంటే చెడ్డదట. నువ్వు తాగొద్దు, ఎవరినీ తాగనివ్వొద్దు అన్నాడు.

నేను మొదటి మాట విన్నాను. రెండోది వినలేదా? విన్నాను. వినలేదని ఇన్నేళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

అత్తమ్మ దాన్ని పారేయనివ్వలేదు. తాతల నాటిదని గొడవ పెట్టుకుంది. సరే, అటక మీద పడేస్తే సరిపోయేది. ఎవరూ కాదనేవారు కాదు.

మా ఇంట్లో కూలీల గ్లాసు వేరే. పశువుల కొట్టం గోడకు ఒక గూడు, అందులో సొట్టలు పడిన స్టీలు గ్లాసు. వాళ్లే తీసుకోవాలి, వాళ్లే కడిగి పెట్టాలి. మేం పైనుంచి పోయాలి. అక్కడ అందరి ఇళ్లలో అంతే, నేనూ ఏనాడూ ఆగి ఆలోచించలేదు. ఒకరోజు బర్రె తొక్కి ఆ గ్లాసు నలిగిపోయింది. కలుపు తీసి వచ్చిన గంగామణి గూట్లో చేయి పెట్టి చూసి, గ్లాసు లేక దోసిలి పట్టింది. నాకంటే చిన్నది. అప్పుడు ఆమె కూడా కడుపుతో ఉంది, కొంగు కింద ఎత్తు తెలుస్తోంది.

నేను లోపలికి వెళ్లి ఆ సత్తు గ్లాసు తెచ్చి, నిండా మజ్జిగ పోసి, ఆమె చేతికే ఇచ్చాను.

"గిది మీరు తాగే గ్లాసు గదమ్మా?" అంది.

"అయితే ఏంది? తాగు. ఇగ ఇది నీదే అనుకో."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తాగే ముందు దాన్ని కళ్లకద్దుకుంది.

తెలియక ఇచ్చానా? మరిచిపోయి ఇచ్చానా? కాదు. ఇచ్చేటప్పుడు అన్న మాట గుర్తుంది, కాగితం మీద మరక గుర్తుంది. వీళ్లవి గట్టి ఒళ్లు, వీళ్లకేం కాదులే అనుకున్నాను. అచ్చంగా ఈ మాటలే అనుకున్నాను. నా బిడ్డకు పనికిరానిది ఆమె బిడ్డకు పనికొస్తుందని నా మనసు ఎంత తేలిగ్గా లెక్క తేల్చిందో తలుచుకుంటే, నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఊళ్లో ఆ సంగతి పాకింది. పటేలు కోడలు ఇంట్లో గ్లాసును కూలిదాని చేతికిచ్చిందని కొందరు ముక్కున వేలేసుకున్నారు. ఇంకొందరు మెచ్చుకున్నారు. మహిళా సంఘం మీటింగులో ఒకామె నన్ను లేపి నిలబెట్టి చప్పట్లు కొట్టించింది. మా ఇంట్లో రెండు గ్లాసుల పద్ధతి లేదని నేను మైకులో చెప్పాను. గంగామణి ముందు వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.

కాన్పుకు వెళ్లేదాకా ఆమె అందులోనే మజ్జిగ తాగింది. నాకు కొడుకు, ఆమెకు ఆడబిడ్డ. అత్తమ్మ పోయాక, పిల్లవాడి చదువు కోసమని మేం కామారెడ్డికి మారేటప్పుడు ఆ గ్లాసు ఆమెకే ఇచ్చేశాను. పీడ విరగడైందనుకున్నాను.

తరవాతి ఏడు ధాన్యం పని మీద ఊరెళ్లి, వాళ్లింటికి పోయాను. ఆమె బిడ్డ గడపలో కూర్చుని ఆ గ్లాసుతో అంబలి తాగుతోంది. మజ్జిగ కలిపిన అంబలి. అంచును పళ్లతో కొరుకుతోంది. అక్కడే చెప్పాల్సింది. వెనక్కి తిరిగి, ఎల్లారెడ్డి బజారుకు పోయి స్టీలు గ్లాసు కొనుక్కుని మళ్లీ వచ్చాను.

"గంగామణీ, ఆ గ్లాసు నాకు కావాలె. కొత్తది తెచ్చిన, ఇది ఉంచుకో."

ఆమె ముఖం చిన్నబోయింది. బిడ్డ చేతిలోంచి గుంజుకుంటే అది ఏడుపు లంకించుకుంది. శుభ్రంగా కడిగి, కొంగుతో తుడిచి తెచ్చింది.

"ఎవలన్న ఏమన్న అన్నరా అమ్మా, మాకిచ్చినవని?"

"లేదు, ఊకెనే. అత్తమ్మ గుర్తు గదా."

"అవు మల్ల. పెద్దోల్ల వస్తువు. మా తాన ఉంటే ఏం బాగుంటది."

నేను తల ఊపాను. ఆ తల ఊపడాన్ని నేను మరిచిపోలేను. ఇచ్చింది విషం, దాన్ని గౌరవం అనుకుంది. తీసుకున్నది భయంతో, దాన్ని అవమానం అనుకుంది. రెండుసార్లూ నేను ఊరుకున్నాను.

ఆ పిల్లకు మాటలు ఆలస్యంగా వచ్చాయి. ఇప్పుడు బడికి పోతోంది. నా కొడుకు ఈడుదే, వాడు పేపరు చదువుతాడు, అది ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటుంది. దాని తలరాత అంటుంది గంగామణి. ఆ గ్లాసు వల్లేనా? తెలియదు. కాకపోవచ్చు, పిల్లలు వెనకబడ్డానికి ఎన్నో కారణాలుంటాయి. ఆ కాకపోవచ్చు అన్న మాట పట్టుకునే నేను ఇన్నాళ్లు తిన్నాను, నిద్రపోయాను, నవ్వాను. ఒక్క రక్తపరీక్షతో ఎంతో కొంత తెలిసేది. చేయించమని చెప్తే ఎందుకని అడుగుతుంది. ఆ ప్రశ్నకు భయపడి ఆ పిల్లకు అందాల్సిన సాయాన్ని కూడా ఆపేశాను. నిజం చెప్పాలంటే, గ్లాసు ఇవ్వడం కంటే ఇదే పెద్ద తప్పేమో.

మీరు నన్ను క్షమించనక్కర్లేదు. ఆ హక్కు మీది కాదు. రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది, అందుకు కూడా సిగ్గేస్తోంది. గంగామణికి చదువు రాదు, ఇది ఆమె దాకా పోదు. అయినా ఆమెతో చెప్పాల్సిన మాట ఒక్కసారి నా చేత్తో రాసి చూసుకుంటాను.

గంగామణీ, నీ బిడ్డను దవాఖానకు తీసుకుపోయి, సీసం ఉందేమో రక్తం పరీక్ష చేయించు. నువ్వూ చేయించుకో. ఎందుకమ్మా అని అడుగుతావు. నేను తాగనని పక్కన పెట్టిన గ్లాసులో, తెలిసి తెలిసి, మీ ఇద్దరికీ పోశాను.