లుంగీ మ్యాచ్‌లో మా మావయ్య

అప్పటికే సెలూన్ బాబాయ్ నా టిఫిన్ బండి మీద ఫుట్‌బాల్ గ్రౌండు పరిచేశాడు. ఈ చివర పల్లీచట్నీ గిన్నె ఒక గోలు, ఆ చివర అల్లంచట్నీ గిన్నె ఇంకో గోలు. మధ్యలో నా ఇడ్లీలే మా టీము. వేడి ఇడ్లీలన్నీ కుర్రాళ్ళు. మా మావయ్య వంతు వచ్చేసరికి, పాత్ర అడుగున మిగిలిపోయి అంచులు ఎండిన ఇడ్లీ ఒకటి వెతికి తీసి, అల్లంచట్నీకి దగ్గరగా పెట్టాడు.

“ఇదిగో, మీరు తెమ్మంటున్న ఫార్వర్డు ఈయనే,” అన్నాడు. “బంతి వచ్చేటప్పుడు ఎక్కడుంటాడు? ఇక్కడుంటాడు. బంతి వెళ్ళిపోయాక ఎక్కడుంటాడు? అప్పుడూ ఇక్కడే.”

బండి చుట్టూ నిలబడి తింటున్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఏం చేయను, చెప్పడం అంత బాగా చెప్పాడు. నవ్వేశాక గుర్తొచ్చింది, ఆ ఇడ్లీ నా సొంత మేనమామ అని. దాన్ని తీసి బాబాయ్ ప్లేట్లోనే వేసి, మీద సాంబారు పోసేశాను.

మాది గుణదల, కొండ కింద సందు. సందు మొదట్లో అమ్మా నేనూ పొద్దున్నే టిఫిన్ బండి పెడతాం. ఎదురుగా సెలూన్. దాని ఓనరు నాకు చుట్టమేమీ కాదు, సందు మొత్తానికీ ఆయన బాబాయే. ఊరంతా క్రికెట్ అంటుంటే మా సందు మాత్రం ఫుట్‌బాల్ అంటుంది. తాతల నాటి నుంచీ పక్కనున్న స్కూలు గ్రౌండులో ఆ ఆటే ఆడుతున్నారు, అంతకు మించి కారణం నాకు తెలీదు. బంతి కొనేదీ, పసుపు జెర్సీలు కుట్టించేదీ మేమే కాబట్టి టీములో ఎవరుండాలో కూడా మేమే తేలుస్తాం. ఆడే కుర్రాళ్ళని ఎవరూ అడగరు. జెర్సీలు సెలూన్ బీరువాలో ఉంటాయి గనక అందరికన్నా పెద్ద నోరు బాబాయ్‌ది.

పోయిన వేసవిలో ఉయ్యూరు టోర్నమెంటులో మావాళ్ళు ఒక్క గోలు కూడా కొట్టకుండా ఇంటికొచ్చారు. ఆటంతా బాగానే ఆడారు. గోలు ముందుకి వెళ్ళేసరికి మాత్రం, పెళ్ళి బంతిలో పెద్దమనుషుల్లా మీరు కానివ్వండంటే మీరు కానివ్వండని ఒకళ్ళకొకళ్ళు బంతి ఇచ్చుకుంటూ కూర్చున్నారు. అందుకే ఈసారి చేపల పిన్ని మా మావయ్య మాట ఎత్తింది. పిన్ని వీధి వీధీ తిరిగి చేపలమ్ముతుంది, మధ్యలో మా మ్యాచులన్నీ చూస్తుంది. చేపల తట్ట దింపి గ్రౌండు గోడ పక్కన నిలబడిందంటే ఆ పూట బేరం లేనట్టే.

మావయ్య అంటే అమ్మకి తమ్ముడు. మా పక్క పోర్షన్లోనే ఉంటాడు, ఆటో తోలతాడు. పొద్దున స్కూలు పిల్లల ట్రిప్పు, ఆ తర్వాత దొరికిన కిరాయి. ఒకప్పుడు మా టీములో ఆయన కాలికి బంతి తగిలితే అవతలి గోలీ దండం పెట్టుకునేవాడట. కానీ మధ్యలో కాలువ అవతలి టీముకి వెళ్ళిపోయాడు. కారణం బిర్యానీ. వాళ్ళు మ్యాచ్ అయ్యాక బిర్యానీ పెట్టేవాళ్ళు, మావాళ్ళు అరటిపండు చేతిలో పెట్టేవాళ్ళు. వెళ్తే వెళ్ళాడు, ఆ టీము తరఫున మామీదే గోలు కొట్టి, మా సందు జనం నిలబడ్డ వైపు వచ్చి నడుం తిప్పి డాన్సు చేశాడు. గోలుని క్షమించినవాళ్ళు కూడా ఆ డాన్సుని మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ మనిషికి నలభై నిండాయి. కాలువ అవతలి వాళ్ళు ఎప్పుడో వద్దన్నారు. మా అత్త అయితే ఒకే మాట చెప్పింది. మన సందువాళ్ళు కూడా వద్దంటే ఇంక ఆట జోలికి వెళ్ళకూడదు, ఎవరినీ అడగకూడదు. మావయ్య సరేనన్నాడు. అన్నాడే గానీ, ఆ వారమంతా ఆటో కడుగుతూ నా కోసమే కాచుకుని ఉండేవాడు.

“ఏమే, బండి దగ్గర ఏవన్నా మాట్లాడుకుంటున్నారా?” అనేవాడు, టైరు వైపు చూస్తూ.

“మాట్లాడుకుంటున్నారు మావయ్యా. మునక్కాయలు మండిపోతున్నాయంట.”

“ఇంకా?”

“ఉల్లిపాయలు కూడా.”

తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచేవాడు. మొదటి రెండు రోజులూ నాకు సరదాగా ఉండేది. తర్వాత జాలేసి అన్నీ చెప్పేశాను, ఆ ఎండిన ఇడ్లీ సంగతి తప్ప.

వాదన తెగలేదు. పిన్ని, అప్పుడు అందరికన్నా ఎక్కువ తిట్టింది నేనే, ఇప్పుడు తెమ్మనేదీ నేనే అంటుంది. బాబాయ్, ఆయన కన్నా నా కుర్చీ నయం, కనీసం గుండ్రంగా తిరుగుతుంది అంటాడు. సగం సందు ఇటు, సగం అటు. ఇలా తెగనప్పుడు మా సందులో ఒక పద్ధతి ఉంది, దాన్ని లుంగీ మ్యాచ్ అంటాం. కొత్తగా వచ్చేవాడు టీముతో కలిసి కాదు, సందు జనంతో కలిసి ఆడాలి. జనమంతా లుంగీలు మడిచి కట్టి ఒకవైపు, అసలు టీము రెండోవైపు. ఆట అరగంట. జనం గెలిస్తే వచ్చినవాడిని తీసుకుంటారు, లేకపోతే లేదు. మా జనాన్ని వెంటేసుకుని గెలవగలిగినవాడు ఎవరితోనైనా గెలుస్తాడని పెద్దవాళ్ళు పెట్టిన రూలది.

ఇందులో చిక్కేమిటో మీకు తెలిసే ఉంటుంది. మావయ్య వద్దు అనేవాళ్ళు కూడా మావయ్య వైపే ఆడాలి. వాళ్ళు ఓడిపోతే చాలు, పని అయిపోయినట్టే. బాబాయ్ సెలూన్లో కూర్చుని అందరికీ వినబడేలా చెప్పాడు కూడా, నేను కరెంటు స్తంభంలా నిలబడతాను, నన్ను ఎవరేం చేస్తారో చూస్తానని.

అది విన్న మధ్యాహ్నమే నేను ఆయనకి టీ పట్టుకెళ్ళాను. గ్లాసు అందిస్తూ, “మన కెప్టెన్ అన్నయ్య ఏమన్నాడో విన్నారా బాబాయ్?” అన్నాను.

“ఏమన్నాడు?”

“వద్దులెండి, మీరు బాధపడతారు.”

“బాధ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు చెప్పమ్మా.”

“మీరు పరిగెడితే మీకన్నా ముందు మీ లుంగీ వెళ్ళిపోతుందన్నాడు.”

కెప్టెన్ అనలేదు. కానీ రేపో మాపో అనేలాగే ఉన్నాడు. బాబాయ్ టీలో చక్కెర తక్కువైందన్నాడంతే. నేను చక్కెర ఎప్పుడూ వేసేంతే వేశాను.

ఆదివారం చర్చి వదిలాక మ్యాచ్. అమ్మా నేనూ బండిని గ్రౌండు దగ్గరికే తోసుకెళ్ళాం. చేపల పిన్ని చీర కుచ్చెళ్ళు దోపి, రూలు ప్రకారం లుంగీ ఉండాలి కదా అని నడుముకి ఒక తువ్వాలు చుట్టుకుని గోలు ముందు నిలబడింది. మావయ్య నీలం గళ్ళ లుంగీ కట్టి, దాని కింద బూట్లు వేసుకుని వచ్చాడు. చూడ్డానికి పైన పెళ్ళివారిల్లు, కింద పోలీసు స్టేషన్ లాగా ఉన్నాడు. అత్త మాత్రం రాలేదు, తలనొప్పి అంది.

మొదట్లో మావయ్య దగ్గరికి బంతే రాలేదు. ఆయన వైపు ఆడుతున్న సగం మంది ఆయనకి బంతి ఇవ్వరుగా. బాబాయ్ చెప్పినట్టే చేతులు కట్టుకుని స్తంభంలా నిలబడ్డాడు. ఐదు నిమిషాలు తిరక్కుండానే కెప్టెన్ ఒక గోలు కొట్టేశాడు. మావయ్య నాకివ్వండి అన్నట్టు చెయ్యెత్తేవాడు, బంతి ఇంకెటో పోయేది, దించేవాడు. మళ్ళీ ఎత్తేవాడు, మళ్ళీ దించేవాడు. ఇంట్లో నన్నంత ఆటపట్టించే మనిషి అక్కడ అలా చెయ్యెత్తుకుని నిలబడితే చూడలేక, ఎవరూ అడక్కుండానే నాలుగు అట్లు పోసేశాను.

అప్పుడు కెప్టెన్ ఒక పొరపాటు చేశాడు. బంతి తీసుకుని నేరుగా బాబాయ్ మీదికి వచ్చి, ఆయన రెండు కాళ్ళ మధ్య నుంచి, లుంగీ కింద నుంచి బంతిని దాటించి, చుట్టూ తిరిగి వెళ్ళి మళ్ళీ అందుకున్నాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. బాబాయ్ ఒకసారి కెప్టెన్‌ని చూశాడు, ఒకసారి కిందికి చూసుకున్నాడు. తర్వాత ఆట మధ్యలోనే ఆగి, లుంగీ విప్పి, మళ్ళీ గట్టిగా బిగించి కట్టుకున్నాడు. ఆ కట్టు చూశాకే నాకు ధైర్యం వచ్చింది.

అక్కడి నుంచి ఆయన స్తంభం కాదు. కెప్టెన్ ఎటు వెళ్తే అటు. మూడోసారో నాలుగోసారో బంతి లాక్కున్నాడు. లాక్కున్నాక ఏం చేయాలో తెలీలేదు. తలెత్తి చూస్తే గ్రౌండు మొత్తం మీద ఖాళీగా చెయ్యెత్తుకుని నిలబడ్డవాడు మా మావయ్య ఒక్కడే. ఇచ్చేశాడు. మావయ్య పరిగెత్తలేదు. నిజానికి నిలబడ్డ చోటు నుంచి పెద్దగా కదల్లేదు కూడా. ఒంటికాలి మీద ఇటు తిరిగి ఒక్కటి తన్నాడు. బంతి గోలీ పక్కనుంచి వెళ్ళడం నేను చూశాను గానీ గోలీ చూళ్ళేదనుకుంటా. చెరొకటి. పిన్ని అక్కడ గోలు వదిలేసి ఇటు దాకా వచ్చి చప్పట్లు కొట్టి వెళ్ళింది.

ఇక ఒకటి రెండు నిమిషాలే ఉన్నాయనగా మావయ్యకి మళ్ళీ బంతి దొరికింది. ఇద్దరు కుర్రాళ్ళు మీదికి వచ్చారు, గోలీ కూడా ముందుకు దూకి కింద పడ్డాడు. మావయ్య తన్నచ్చు. తన్నలేదు. మడమతో వెనక్కి నెట్టాడు. బంతి దొర్లుకుంటూ వెళ్ళి బాబాయ్ కాళ్ళ దగ్గర ఆగింది. ఎదురుగా గోలు ఖాళీ.

అందరం ఆగిపోయాం. తన్నితే మావయ్య టీములోకి వచ్చేస్తాడు. తన్నకపోతే రాడు, ఇంక ఎప్పటికీ రాడు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు, బాబాయ్‌కి అందరికన్నా బాగా తెలుసు. కానీ ఆయన ఇన్నేళ్ళుగా మ్యాచులు చూస్తున్నాడు, కుర్రాళ్ళకి ఆట నేర్పుతున్నాడు, జెర్సీలు ఉతికిస్తున్నాడు. జన్మలో ఒక్క గోలు కొట్టలేదు.

తన్నాడు.

మావయ్యని ఎత్తుకుని తిప్పింది కూడా ఆయనే. రెండు చుట్లు తిప్పాక ఎవరిని తిప్పుతున్నాడో తెలిసొచ్చి, మెల్లిగా కిందికి దించి, భుజం మీద మట్టి దులిపాడు. “బయటికి తన్నబోయానండీ, లోపలికి పోయింది,” అన్నాడు అందరితో. ఎవరూ వినిపించుకోలేదు. ఇంక చేసేదేముంది, జెర్సీ కొలత చూసుకోడానికి సెలూన్‌కి రమ్మని మావయ్యకి ఆయనే చెప్పాడు.

మావయ్య అందరికీ చేతులూపుతూ, నవ్వుతూ ఆటో దాకా నడిచొచ్చాడు. డ్రైవరు సీట్లో కూర్చోలేదు. వెనక సీట్లో చేరగిలబడి నన్ను పిలిచాడు.

“నువ్వు తోలవే. మోకాలు మడత పడట్లేదు. నవ్వుతూ తోలు, అందరూ చూస్తున్నారు.”

తోలడం నేర్పింది ఆయనే, లైసెన్సు కూడా తీయించాడు. బండి సంగతి అమ్మకి అప్పజెప్పి బయల్దేరాను. దార్లో అడిగాను, ఆఖర్ని నువ్వే కొట్టకుండా ఆయనకెందుకిచ్చావని.

“నేను కొడితే నా గోలు,” అన్నాడు మావయ్య కళ్ళు మూసుకుని. “ఆయన కొడితే, ఇంక నన్ను వద్దనడానికి సందులో ఎవడు మిగిలాడే?”

ఇంట్లో అత్త తలనొప్పి ఏమైందో గానీ, అప్పటికే ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి ఉంచింది. కాపడం పెడుతూ తిట్టింది, తిడుతూ పెట్టింది. కాస్త కుదుటపడినా మోకాలు మాత్రం గుమ్మడికాయలా ఉబ్బింది. రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుందన్నాడు మావయ్య. తగ్గుతుంది, కానీ ఈలోపు ఆటో కదలకుండా ఇంటి ముందు కనబడిందంటే సందంతా ఒక్కటే మాటనుకుంటుంది. ఇడ్లీలతో గ్రౌండు మళ్ళీ మొదలవుతుంది.

అందుకని మర్నాడు పొద్దున బండిని అమ్మకి వదిలేసి, స్కూలు పిల్లల్ని ఎక్కించుకుని ఆటో నేనే తీశాను. సెలూన్ ముందుకి వచ్చేసరికి బాబాయ్ షట్టరు ముందు నిలబడి ఉన్నాడు. చెయ్యెత్తి ఆపాడు.

“మావయ్య ఏడమ్మా?”

“ఉయ్యూరు వెళ్ళాడు బాబాయ్. పొద్దున్నే పెళ్ళి కిరాయి తగిలింది, వాళ్ళ కారు తోలుతున్నాడు.”

“ఒళ్ళు నొప్పులేమన్నా ఉన్నాయా ఆయనకి?”

“ఆయనకెందుకుంటాయండీ. మీకున్నాయా?”

“నాకెందుకుంటాయి,” అన్నాడు. తాళం తీయడానికి వంగబోయి, సగంలో ఆగిపోయి, నడుం పట్టుకుని లేచాడు. “జెర్సీకి ఇవాళే రానక్కర్లేదని చెప్పమ్మా. బుధవారం రమ్మను. అప్పటికి నాకూ కాస్త...” అని ఆపేశాడు.

పిల్లలు స్కూలుకి టైమైపోతోందని గోల చేస్తున్నారు. నేను ఆటో దిగి, ఆయన చేతిలో తాళంచెవి తీసుకుని, వంగి తాళం తీసి, షట్టరు పైదాకా ఎత్తిపెట్టి వచ్చి మళ్ళీ ఆటో ఎక్కాను.