బియ్యం కడిగిన నీళ్ళు

నా చిన్నప్పుడు, పదేళ్ళ వయసులో, మేము అమెరికాలో, అరోరా అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆ వేసవిలో ఇండియా నుంచి వచ్చిన మా అమ్మమ్మకి ఊరంతటికీ ఒక్కతే స్నేహితురాలు, పక్కింటి ఆంటీ. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అయినా రోజూ సాయంత్రం ఆంటీ ఇంటి మెట్ల మీద పక్కపక్కన కూర్చుని బఠాణీలు ఒలిచేవారు.

ఆ మెట్ల పక్కనే ఆంటీ భర్త పోయేముందు నాటిన కొండమొక్క ఉండేది. సాక్సిఫ్రేజ్ అంటారు. చాప పరిచినట్టు నేలకి అంటుకుని పాకేది. గులకరాళ్ళలో గుప్పెడు మట్టి మాత్రం కలిపి, ఆయన దాన్ని ఎలాగో బతికించుకున్నారట. ఆంటీ రెండు వారాలు కూతురింటికి వెళ్తూ దాన్ని నాకు అప్పగించింది. ఆకులు ఒత్తుగా ఉంటాయి, తడి ఆరక కుళ్ళిపోతుంది, నీళ్ళు పోయొద్దని మరీమరీ చెప్పింది.

నేను వింటేగా! రాళ్ళలో పడున్న ఆ మొక్కని చూస్తే జాలేసింది. అమ్మమ్మ కరివేపాకు కుండీకి పోసే బియ్యం కడిగిన నీళ్ళు రోజూ పట్టుకెళ్ళి పోశాను. ఆంటీ వచ్చేసరికి విరగబూయించాలని నా ఆశ. పన్నెండో రోజుకి మొక్క నడిమధ్య నల్లబడి, ముట్టుకుంటే ముద్దగా చేతికొచ్చింది.

ఆంటీ వచ్చి చూసి అక్కడే కూలబడింది. ఎవరు నీళ్ళు పోశారని అడిగింది. మా అమ్మమ్మ పోసిందని ఇంగ్లీషులో చెప్పేశాను. పక్కనే ఉన్న అమ్మమ్మ, ఏం జరుగుతోందో తెలియక, స్నేహితురాలు వచ్చిందని నవ్వుతూ నిలబడింది. ఆ నవ్వు చూసి ఆంటీ లోపలికెళ్ళి తలుపేసుకుంది.

అంచుల్లో మిగిలిన పచ్చటి చిగుళ్ళు తుంచి ఆంటీ ఇసుకలో గుచ్చింది. ఒక్కటీ వేరు పట్టలేదు. అమ్మమ్మ బఠాణీల గిన్నె పట్టుకెళ్ళి, ఆ మెట్ల దగ్గర కాసేపు నిలబడి తిరిగొచ్చేది. మూడో రోజు నన్ను నిలదీసింది. ఏడుస్తూ అంతా చెప్పేశాను. కొడుతుందనుకున్నాను.

"ఆవిడతో చెప్పుకుందామంటే నాకు మాటలు రావే అమ్మడూ. నీకే వచ్చు," అంది. అంతే. మా అమ్మతో కూడా చెప్పలేదు.

రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ రోజూ ఆ తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేదాన్ని. సెప్టెంబర్‌లో అమ్మమ్మ వెళ్ళిపోయింది. కారెక్కేముందు ఆ ఇంటివైపు తిరిగి దణ్ణం పెట్టింది. కిటికీ తెర కదల్లేదు.

మర్నాడు వెళ్ళి ఆంటీకి చెప్పాను. ఆవిడ తిట్టలేదు. మీ అమ్మమ్మ మళ్ళీ ఎప్పుడొస్తుందని మాత్రం అడిగింది.

అమ్మమ్మ మళ్ళీ రాలేదు. ఇప్పుడు నాకే మనవలున్నారు. తప్పు చేస్తే ఇప్పటికీ భయమేస్తుంది. అయినా ఆ రోజే వెళ్ళి చెప్పేస్తాను, ఎవరి కోసం చెప్పాలో వాళ్ళు ఇంకా ఊళ్ళో ఉండగానే.